ఏడు మడతల కత్తి

చుస్త్ ఊరి కమ్మరి వీధిలో పొద్దున్నే మొదట వినిపించేవి పెద్ద కమ్మరి తోఖ్తసిన్ ఉస్తా తిట్లు. కొలిమి రాజుకున్నాక నోరు విప్పడానికి వీల్లేదు కాబట్టి రోజుకి సరిపడా తిట్లన్నీ ఆయన ముందే తిట్టేసుకునేవాడు. బొగ్గు తడిసిందని ఒకటి, పట్టకారు ఉండాల్సిన చోట లేదని ఇంకొకటి. కూతురు సనోబర్ సమ్మెట పిడికి గుడ్డ చుట్టుకుందని, ఆ చుట్టుకున్నదీ ఎర్రగుడ్డ అనీ మరొకటి. సనోబర్ సగం విని సగం వదిలేసి, రొట్టె విరిచి ఆయన ముందు పెట్టి, టీ పోసి, కొలిమి తిత్తి దగ్గరికి పోయి కూర్చునేది. ఇనుము తెల్లబడే వేళకి ఇద్దరి నోళ్ళూ మూతపడేవి. ఇక మధ్యాహ్నం దాకా సుత్తి చప్పుడే.

ఇది మా వీధిలో అందరూ పాటించే పద్ధతి. ఉక్కు రేకులు పేర్చి, వెలిగారం చల్లి, తెల్లగా కాల్చి అతికి, మడిచి మళ్ళీ అతికే వేళ దగ్గర్లో ఎవరేమన్నా ఆ మాట పొరల మధ్య ఉండిపోతుంది. కత్తి తయారై తొలిసారి కూర తరిగిన రోజున అదే గొంతుతో బయటికొస్తుంది. ఒక్కసారే. తర్వాత అది మామూలు కత్తే. క్యారెట్ తరిగితే మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఉల్లిపాయ తరిగితే వినేవాడు ఏడుస్తూ ఉంటాడు కాబట్టి సగం తప్పిపోతుంది. మాంసమైతే మాటను మింగేస్తుంది.

మా పక్క కొట్టు హకీమ్ ఒకసారి మడత పెడుతూ, తన అత్తగారు చేసే కుడుములు చెప్పు అట్టల్లా ఉంటాయన్నాడు. ఆ కత్తి చేతులు మారి మారి ఆ అత్తగారి వంటింటికే చేరింది. మూడు నెలలు వాడు కొట్లోనే పడుకున్నాడు. ఆ తర్వాత అందరికీ ఇంకాస్త భయం పెరిగింది. దాగలి మీది ఇనుముని ఉస్తా చిన్న సుత్తితో ఎక్కడ తడితే సమ్మెట మనిషి అక్కడ కొట్టాలి, మాటతో పనిలేదు. తోఖ్తసిన్ ఉస్తా కత్తులు నలభై ఏళ్ళుగా ఒక్క ముక్క పలికినవి కావు. పెళ్ళిళ్ళ వంటవాళ్ళు ఆయన దగ్గరే కొనడానికి అదీ ఒక కారణం. నలుగురిలో పరువు పోదు.

సమ్మెట కొట్టేవాడు రష్యాలో పనికని వెళ్ళిపోయిన ఏడాది సనోబర్ సమ్మెట ఎత్తుకుంది. అప్పుడామెకు ఇరవై. మొదట్లో వీధంతా నవ్వింది. తర్వాత ఆమె దెబ్బ వినీ వినీ, నవ్వినవాళ్ళే తమ పనివాళ్ళని పిలిచి, అలా కొట్టి చూపించండ్రా అనేవారు. పద్నాలుగేళ్ళు గడిచాయి. ఉస్తా మాత్రం ఒక్కనాడూ బాగుందని అనలేదు. ఆమె పోతపోసినట్టు సమంగా సాగదీసిన ఉక్కుని ఇటు తిప్పి అటు తిప్పి, తప్పేమీ దొరక్క, ఎర్రగుడ్డ మీదికి పోయేవాడు.

ఒక్క మాట మాత్రం ఆయన నుంచి ఆమెకు రావాల్సి ఉంది. మా దగ్గర శిష్యుడు ఉస్తా కావాలంటే గురువు నోటితో ఫాతిహా దీవెన పలకాలి, సాక్షులు చేతులెత్తి ఆమీన్ అనాలి, నడుముకి రుమాలు కట్టాలి. ఆ దీవెన లేనివాళ్ళు సొంతంగా కొలిమి వెలిగించకూడదు, కత్తి మీద గుర్తు కొట్టకూడదు. సనోబర్ అడగలేదు. ఆయన ఇవ్వలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం.

ద్రాక్షలు పండే రోజుల్లో వంటవాడు మామాజాన్ తన కొడుకు పెళ్ళికని పెద్ద కత్తి చేయించుకోవడానికి వచ్చాడు. అలలల్లే గీతలు తేలిన కత్తి కావాలన్నాడు. తండ్రీ కూతుళ్ళు అయిదు రేకులు పేర్చి, ఏడుసార్లు మడిచి అతికారు. ఆరువందల నలభై పొరలు. అతుకులన్నీ అయిపోయిన మర్నాడు పొద్దున ఉస్తా తిట్టడానికి నోరు తెరిచాడు, మాట రాలేదు. కుడి చెయ్యి జారి ఒళ్ళో పడింది. టీ గిన్నె పగిలింది.

ప్రాణం దక్కింది. మాట, కుడి చెయ్యి తిరిగి రాకపోవచ్చన్నాడు డాక్టరు.

నాలుగు వారాలయ్యాక మా వీధి పెద్ద నిషాన్ ఆతా పరామర్శకు వచ్చాడు. తాత వరసవాళ్ళని మేం ఆతా అంటాం, అన్న వరసవాళ్ళని అకా. మంచివాడే, కానీ ఆచారం దగ్గర రాయి. ద్రాక్ష పందిరి కింద అరుగు మీద ఉస్తా పక్కనే కూర్చుని, గడ్డం దువ్వుకుని అడిగాడు.

"తోఖ్తసిన్, అమ్మాయికి ఫాతిహా ఇస్తున్నావా?"

ఉస్తా తల ఊపాడు.

"సంతోషం. ఒక ఒంటెని కూడా కొనిపెట్టమంటావా?"

ఉస్తా తల ఊపాడు.

"చూశావుగా తల్లీ. రోగం వచ్చినవాడు దేనికైనా ఊపుతాడు. దీన్ని నేను దీవెన అనలేను."

సనోబర్ టీ అందిస్తూ అంది. "పద్నాలుగేళ్ళు నా దెబ్బ మీ కొట్లో కూర్చుని విన్నారు ఆతా."

"విన్నాను. నా చెవికి ఏ అనుమానమూ లేదు. కానీ నోటి మాట నోటి మాటే. ఇవాళ నీకు సరే అంటే, రేపు మా ఉస్తా కలలోకొచ్చి దీవించాడని ఇంకొకడు వస్తాడు. వాడికి నేనేం చెప్పను?"

"మరి మామాజాన్ అకా కత్తి?"

"మీ నాన్న మొదలుపెట్టాడు కాబట్టి నువ్వు పూర్తి చెయ్యి. అది అందించాక కొలిమి ఆర్పెయ్. దాగలి మీ చిన్నాన్న కొడుకు యూల్దాష్ తీసుకుంటాడు."

యూల్దాష్ చెడ్డవాడేం కాదు. ఫ్రిజ్ మీద అంటించుకునే వేలెడంత కత్తులు చేసి సంతలో అమ్ముకుంటాడు. వాటికి దాగలి ఎందుకో వాడికీ తెలియదు.

సనోబర్ కొలిమి వెలిగించింది. తండ్రిని గుమ్మం దగ్గర దిండ్లేసి కూర్చోబెట్టింది. అతుకుల పని అయిపోయింది గనక ఇప్పుడు ఎంత మాట్లాడినా కత్తికి అంటదు. కానీ మాట్లాడేవాళ్ళెవరు? తిట్లు లేని కొట్లో ఆమెకు చెయ్యి ఆడలేదు. రెండో రోజు ఇక ఉండలేక తనే ఆయన గొంతు పెట్టి, "బొగ్గు తడిపావు కదే గాడిదా" అని తనను తాను తిట్టుకుంది. గుమ్మం దగ్గర ఉస్తా భుజాలు కదిలాయి. నవ్వాడో, ఏడ్చాడో ఆమె తిరిగి చూడలేదు.

ఉక్కుని సాగదీసి, అంచు పలచగా కొట్టి, ఆకురాయితో తీరు దిద్దింది. పదును పట్టే రోజున తలుపు సగం మూసింది, నిప్పు రంగు సరిగా తెలియడానికి. రంగు ఒక్క పిసరు తప్పినా కత్తి బీటలిస్తుంది, పడ్డ శ్రమంతా బూడిదే. పండిన చెర్రీ రంగు రాగానే, ఎవరూ చెప్పకుండా, నూనెలో ముంచింది. ఈ కళ్ళు రంగు చూడటం నేర్చింది ఎవరి పక్కన నిలబడి అన్న ఆలోచన అప్పుడొచ్చింది ఆమెకు. ఆయన ఏ రోజూ పాఠం చెప్పలేదు. ప్రతిసారీ తను కాస్త పక్కకి జరిగి, ఆమెకు నిప్పు కనబడేలా నిలబడేవాడు, అంతే. ఇన్నేళ్ళూ ఆ జరగడాన్ని ఆమె గమనించనే లేదు. కత్తి చల్లారేదాకా ఆయన పక్కన కూర్చుని, చచ్చుబడ్డ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. చాలా హాయిగా అనిపించింది, దుఃఖంగానూ ఉంది.

సానపట్టి, పులుపు మందు నీళ్ళలో ముంచి తీస్తే గీతలు తేలాయి. గాలికి కదిలిన కాలవ నీళ్ళలా, పిడి నుంచి కొన దాకా. గుర్తు కొట్టాల్సిన చోట ఖాళీగా వదిలేసింది.

గురువారం మధ్యాహ్నం మామాజాన్ ఇంట్లో క్యారెట్లు తరిగే సంబరం. మర్నాటి పొద్దుటి పెళ్ళి పలావుకి అయిదు బస్తాలు. వాకిట్లో పొడుగాటి బల్లకి అటూ ఇటూ ఇరవై మంది మగవాళ్ళు, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటూ తరుగుతున్నారు. ఆ మూల నిషాన్ ఆతా, తలెత్తకుండా, సన్నగా, అందరికన్నా వేగంగా. సనోబర్ పొరుగింటి వ్యానులో తండ్రిని తీసుకొచ్చి నీడలో కూర్చోబెట్టింది. కత్తిని చేతికివ్వలేదు, చేతి నుంచి చేతికి కత్తి పోతే తగువులొస్తాయి. బల్ల మీద గుడ్డ పరిచి దానిమీద పెట్టింది.

మామాజాన్ కత్తిని వెలుగులో తిప్పి చూసి తిరిగి గుడ్డ మీదే పెట్టాడు.

"తొలి కోత కత్తి చేసినవాళ్ళే కొయ్యాలి చెల్లీ. కానియ్."

"కోస్తాను అకా. వినడానికి మాత్రం ఏమీ ఉండదు. నాన్న కత్తి కదా."

మొదటి క్యారెట్ తరిగింది. ఏమీ లేదు. రెండో దానికి తిత్తి ఊపిరి వినిపించింది. మూడోది సగం దాకా తరిగేసరికి ఎవరో దగ్గారు. ఆ దగ్గు మా వీధిలో తెలియనిది ఎవరికి. బల్ల చుట్టూ కత్తులన్నీ ఆగాయి.

"టీ తెమ్మని పంపాను," అంది తోఖ్తసిన్ ఉస్తా గొంతు. "వచ్చేలోగా చెప్పెయ్యాలి."

సనోబర్ చెయ్యి ఆగిపోయింది. కత్తిలోని గొంతూ ఆగిపోయింది.

"తరుగమ్మా, ఆపకు," అన్నాడు మామాజాన్, బుట్టని ఆమె ముందుకి నెడుతూ.

తరిగింది. "ఈ మధ్య పొద్దున లేస్తే నాలుక మందంగా ఉంటోంది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందని మా నాన్న భయపెట్టాడు, నాకది అలవాటైపోయింది. తిడితే మనిషి క్షేమంగా ఉంటుందనుకున్నాను. అదిగో, వస్తోంది." తర్వాత సమ్మెట దెబ్బలు, ఆమెవే, ఒకదాని వెంట ఒకటి.

సనోబర్‌కి ఆ రోజు గుర్తొచ్చింది. ఏడు మడతలకి ఏడుసార్లు టీకి పంపాడు. ఏడోసారి ఆమె, మీ కడుపా చెరువా అని విసుక్కుంది కూడా.

నీడలో కూర్చున్న ఉస్తా ముఖం గోడ వైపు తిప్పుకుని, లేని ఈగల్ని ఎడమ చేత్తో తోలుకుంటున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మడత తర్వాత మడత విప్పుకుంది. ఒకదాంట్లో ఆమె మొదటిసారి సమ్మెట ఎత్తిన రోజు గురించి. ఒకదాంట్లో ఎర్రగుడ్డ గురించి, అది పొగలో కూడా కనబడుతుందనీ, ఆమె ఎక్కడుందో తెలుస్తుందనీ. ఇంకోదాంట్లో, "నిషాన్ ఒప్పుకోడు. వాడి బుర్ర నా దాగలి కన్నా గట్టిది" అంది గొంతు. ఇరవై మందీ నవ్వు ఆపుకోలేక క్యారెట్ల మీదికి వంగారు. నిషాన్ ఆతా ముఖంలో ఒక్క వెంట్రుక కదల్లేదు. "కానీ చెవి మంచిది. వాడు వినాలి."

బుట్టలో ఆఖరి క్యారెట్. సనోబర్ కళ్ళకి కత్తి ఆనలేదు, వేళ్ళతోనే దారి చూసుకుని తరిగింది.

"చేతుల్లో పట్టకారుంది, ఎత్తలేను. దేవుడు ఏమీ అనుకోడు. నేను తోఖ్తసిన్‌ని, నా కొలిమి, నా దాగలి, నా గుర్తు నా కూతురు సనోబర్‌కి ఇస్తున్నాను. దాని చెయ్యి నా చేతిని దాటిపోయి చాలా కాలమైంది. దాని వల్ల నాకు నిండా తృప్తి. నా నోటి వల్ల నొచ్చుకుని ఉంటే అది నన్ను మన్నించి, నా వల్ల తనూ తృప్తి పడాలి. అది చేసిన కత్తి ఉన్న ఇంట్లో ఎవరూ పస్తుండకూడదు. ఆమీన్."

ఆమీన్ వినపడ్డాక చేతులు ఆగవు, మా ఒంట్లో ఉన్న అలవాటది. ఇరవై మంది చేతులూ ఒక్కసారి లేచాయి. పసుపు క్యారెట్ల మరకలంటిన చేతులు ముఖాల మీదుగా దిగాయి. అందరికన్నా ముందు లేచినవి నిషాన్ ఆతా చేతులు. తెల్ల గడ్డం మీద మరక పడ్డాక గానీ ఆయనకు తెలియలేదు, తనూ ఆమీన్ అనేశాడని.

నీడలో ఉస్తా ఎడమ చెయ్యి ఒక్కటే గాల్లో ఉంది. సనోబర్ కత్తి కింద పెట్టి వెళ్ళి, ఆయన కుడి చేతిని తన చేత్తో ఎత్తి, ఎడమ దాని పక్కన చేర్చింది. రెండూ కలిపి ఆయన ముఖం మీదుగా మెల్లగా దించింది. చెంపలు తడిగా ఉన్నాయి.

"మన్నించడానికేమీ లేదు నాన్నా," అంది. "నాకు చాలా ఇచ్చావు."

ఉస్తా ఆమె సమ్మెట పట్టే చేతిని పట్టుకుని, వదల్లేదు.

నిషాన్ ఆతా లేచాడు. నడుముకున్న తన రుమాలే విప్పి, మామాజాన్ భార్యని పిలిచి, ఆమె చేత సనోబర్ నడుముకి కట్టించాడు. "నోటితో పలికాడు. విన్నవాళ్ళు ఇరవై మంది. నా బుర్ర సంగతి మనిద్దరం తర్వాత తేల్చుకుందాం తోఖ్తసిన్," అన్నాడు. మళ్ళీ తన చోట కూర్చుని, కత్తి తీసుకుని, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"ఇంకా రెండు బస్తాలున్నాయి. జరుగు, ఉస్తాకి చోటియ్యి."

వాడు జరిగాడు. వాడి పక్కవాడూ జరిగాడు. సనోబర్ వచ్చి వాళ్ళ మధ్య కూర్చుని క్యారెట్ అందుకుంది.