మెట్ల మలుపులో బల్ల

వడ్రంగి మేస్త్రికి ఒక అలవాటుండేది. ఎవరింట్లో ఏ అల్మరా చేయమన్నా, టేపు బయటికి తీసే ముందే అడిగేవాడు: "చేయడం సరే, రేపు దీన్ని బయటికెలా తీస్తారు?" కొత్త ఇంటివాళ్ళు మొహమొహాలు చూసుకునేవారు. శుభమా అని ఇంకా లోపలికే రాని సామాను బయటికి పోయే ముచ్చట ఇప్పుడెందుకని ఒకావిడ కసురుకుంది కూడా. మేస్త్రి వింటేనా! గుమ్మం కొలిచి, మెట్లు కొలిచి, మెట్లు తిరిగేచోట మంచం తిరుగుతుందో లేదో చేతులు చాచి చూసుకుంటేగానీ బేరం మాట్లాడేవాడు కాదు. ఆ చాదస్తం వల్ల పోయిన పనులు కొన్ని, వచ్చిన పేరు చాలా.

అలాంటివాడు తన ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న అడగలేదు.

ఇల్లు సన్నగా పొడుగ్గా ఉంటుంది. కింద పనిగది, వంటిల్లు. పైన పడకగది, స్నానాలగది. మధ్యలో మెట్లు సగం ఎక్కాక గోడ అడ్డొచ్చి వెనక్కి తిరుగుతాయి. ఆ మలుపులో కాస్త చదును, దానికో కిటికీ, కిటికీలోంచి వీధి. చాలా ఇళ్ళలో అలాంటిచోట పాత చెప్పులూ విరిగిన గొడుగులూ చేరతాయి. ఈ ఇంట్లో ఏళ్ళ తరబడి ఏమీ చేరలేదు. మేస్త్రి భార్య రోజూ తుడిచి ఖాళీగా ఉంచేది. ఖాళీ జాగా కనిపిస్తే చేతులు ఊరుకోని మొగుడితో వేగడమే గగనం, చూపించి మరీ రెచ్చగొట్టడమెందుకు అనేది.

ఆవిడ గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాకే ఆ చదునులో మొదటి చెక్క పడింది. మెట్లు ఒక్క ఊపున ఎక్కలేక, సగంలో గోడ పట్టుకుని నిలబడిపోయేది. మేస్త్రి కిందినుంచి అది చూసి, ఏమీ అనకుండా వెళ్ళి, ఎప్పటినుంచో దాచుకున్న టేకు పలక దించాడు. వారం తిరక్కుండా కిటికీ కింద బల్ల వెలిసింది. ఒక్క మేకు కొట్టలేదు. చెక్కలో చెక్క దూర్చి, జిగురు పోసి, రెండు కొసలూ గోడల్లోకి దింపి బిగించాడు.

"తరతరాలుంటుంది," అన్నాడు.

"మనకి తరాలెక్కడివండీ?" అని నవ్విందావిడ. వాళ్ళకి పిల్లల్లేరు. "నేనున్నన్నాళ్ళుంటే చాలు."

"నోరు మూసుకుని కూర్చో."

"నోరు మూసుకుంటే ఊపిరాడదే!" అంటూ కూర్చుని, కిటికీలోంచి వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసి, "బాగుందండీ," అంది. ఆ ఒక్క మాట కోసం మేస్త్రి ఇంకో ఇల్లు కట్టమన్నా కట్టేవాడు.

రానురాను ఆవిడ కిందికి దిగడం తగ్గింది, తర్వాత పూర్తిగా మానేసింది. వంటా వార్పూ ఆయన మీద పడ్డాయి. ఆవిడ తిరిగే దూరమల్లా పడకగది నుంచి ఆ బల్లదాకా. డాక్టరు దిగొద్దనలేదు, దిగమనీ అనలేదు. ఓపికున్నంత మేరకు అన్నాడు. ఆ మాటని మేస్త్రి పట్టుకుని వేలాడాడు. బల్లదాకా దిగిందంటే ఓపికున్నట్టే. ఓపికుందంటే మనిషి తనకి మిగిలినట్టే. ఆవిడ ఇవాళ దిగనన్న పూట పనిగదిలో ఆయన చేతికి ఉలి నిలిచేది కాదు.

అందుకని ఎర వేయడం మొదలుపెట్టాడు. ఒకరోజు పొద్దున్నే మలుపులో నిలబడి కేకేశాడు. "కొత్తది పెట్టాను, దిగొచ్చి చూడు!" చూస్తే కిటికీ పక్కన పూలకుండీలకి ఒక అర. చూడ్డానికి ఆవిడ దిగింది. ఇంకేం, మేస్త్రికి మందు దొరికినట్టయింది. తర్వాత రేడియోకి ఒక అర వచ్చింది. కంచం పెట్టుకోవడానికి గోడకి మడిచే పలక వచ్చింది. దుప్పట్లకని ఎదురుగోడకి అల్మరా వచ్చింది. కాళ్ళు చాపుకోవడానికి వీలుగా బల్లకి వెడల్పు పెరిగింది. ప్రతిదానికీ ఆవిడ దిగింది, "బాగుందండీ" అంది. చివరికి మలుపులో ఒక మనిషి పక్కకి తిరిగి వెళ్ళేంత దారి మిగిలింది.

ఆవిడ తమ్ముడు సామాన్ల బండి నడుపుతాడు. మేస్త్రి చేసినవన్నీ ఇళ్ళకి చేర్చేది అతనే. అక్కని చూడ్డానికొచ్చి, పొట్ట లోపలికి పీల్చుకుని, అల్మరాకీ బల్లకీ మధ్య దూరాడు.

"ఏం బావా, దీన్ని అద్దెకిస్తావా ఏంటి? వంటిల్లొక్కటే తక్కువ."

"మీ అక్క అడిగితే అదీ పెడతా."

"పెట్టు గానీ... ఇక్కడింక సామాను తిరగదు బావా."

"పైన ఏం సామానుందిరా? మంచం అక్కడే బిగించాను, అక్కడే విప్పుతాను."

"మంచం గురించి కాదులే," అని తమ్ముడు నీళ్ళు నమిలాడు.

మేస్త్రికి అర్థం కాక కాదు. జన్మంతా మలుపులు కొలిచినవాడికి, పడుకోబెట్టి దించాల్సినవి మంచాలూ అల్మరాలేనా? తెలుసు. తెలిసే ఆ ప్రశ్న జోలికి పోలేదు. అడిగాడంటే, ఈ ఇంట్లోంచి భార్య తన కాళ్ళ మీద వెళ్ళదని ఒప్పుకున్నట్టవుతుంది. భయపడ్డ మనిషి ఎంత తెలివితక్కువ పనినైనా చిత్రిక పట్టి, నున్నగా, మురిపెంగా చేస్తాడు. మేస్త్రి అదే చేశాడు.

చివరికి ఆవిడే అంది, బల్ల మీద కూర్చుని చెక్కని నిమురుతూ. "ఇంక చాలండీ. ఇక్కడేం పెట్టకండి."

"ఏం, నచ్చలేదా?"

"నచ్చకేం. మీరు ఒక్కోటి పెడుతున్నారు, నేను ఒక్కోరోజు దిగుతున్నాను. పెట్టడానికి జాగా అయిపోతే ఎలాగండీ?"

మేస్త్రి జాగా వెతికాడు. కిటికీ చూశాడు, గోడ చూశాడు, బల్ల కిందికి వంగి చూశాడు.

"సొరుగులున్నాయిగా," అన్నాడు. "బల్ల కింద సొరుగులు పెడతా. బోలెడు పడతాయి."

ఆవిడ నవ్వింది, నవ్వినందుకు ఆయాసపడింది, ఆయన భుజం పట్టుకుని పైకెక్కింది.

మొదటి సొరుగు అమర్చిన పొద్దున మేస్త్రి ఎప్పట్లాగే కేకేశాడు. "దిగొచ్చి లాగి చూడు! వెన్నలా జారుతోంది!"

జవాబు రాలేదు. ఇంకోసారి పిలిచాడు. నిద్రపోతోందేమో అనుకున్నాడు. కాదని లోపల తెలుస్తూనే ఉంది. అయినా సొరుగు లాగుతూ మూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత పరిగెత్తాడు. ఆవిడ మంచం పక్కన నేల మీద పడి ఉంది. ఊపిరుంది, పలకడం లేదు.

అంబులెన్సు వెంటనే వచ్చింది. వెనకే తమ్ముడూ వచ్చాడు. ఖాళీ స్ట్రెచర్‌ని నిలబెట్టి తేలిగ్గానే పైకి తీసుకెళ్ళారు. దించేటప్పుడు మలుపులో ఇరుక్కుంది. ముందుకి నెట్టారు, వెనక్కి లాగారు, పైకెత్తితే రేడియో అర తగిలింది.

"కుర్చీలో కూర్చోబెట్టి దించుదామా?" అన్నాడు తమ్ముడు.

"బీపీ లేదు. కూర్చోబెడితే ఇక్కడే పోతుంది," అన్నాడు అంబులెన్సు మనిషి. అల్మరాకేసీ బల్లకేసీ చూసి పళ్ళు కొరికాడు. "ఎవడండీ, దారికడ్డంగా ఇవన్నీ పెట్టింది?"

"నేనే," అన్నాడు మేస్త్రి.

స్ట్రెచర్‌ని పైమెట్ల మీద ఆనించి పట్టుకున్నారు. తమ్ముడు గడ్డపలుగు తెచ్చి అల్మరాని గోడ నుంచి పెళ్ళగించాడు. అది చాల్లేదు. పలుగుని బల్ల కింద దూర్చి బలమంతా పెట్టి లేపాడు. బల్ల కదల్లేదు. మేకులుంటే ఊడొచ్చేది. మేస్త్రి రంపం తెచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మంచి టేకు, ముదురు టేకు. ఏరి ఏరి కొన్న చెక్క. రంపం పళ్ళు ఎంత కోసినా ఇంకా కొయ్యాల్సిందే మిగిలింది. చెమటో కన్నీళ్ళో కళ్ళలోకి దిగి గీత కనిపించలేదు. గీత లేకుండానే కోశాడు.

ఆ చప్పుడికే కాబోలు, ఆవిడ కళ్ళు తెరిచింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటున్న చప్పుడు.

"కొయ్యకండీ," అంది. "అంత బాగా చేశారు."

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది.

"బావా, కొయ్యి!" అని అరిచాడు తమ్ముడు.

కోశాడు. బల్ల సగం తెగి పడింది, స్ట్రెచర్ తిరిగింది. ఆస్పత్రి గేటు కనిపిస్తుండగా ఆవిడ పోయింది.

కాస్త ముందు తెచ్చుంటే బతికేదా అని మేస్త్రి డాక్టర్ని అడిగాడు. చెప్పలేం అన్నాడాయన. లేదని ఉంటే మేస్త్రి నమ్మేవాడు కాదు. అవునని ఉంటే ఏం చేసుకునేవాడో. చెప్పలేం అన్న మాట మాత్రం ఆయన్ని తింటూనే ఉంది.

తమ్ముడు తప్ప వచ్చిన బంధువులంతా వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం ఆవిడ బట్టలు సర్దుదామని మెట్లెక్కాడు. మలుపుదాకా వచ్చి, ఆవిడలాగే గోడ పట్టుకుని నిలబడ్డాడు. కోయగా మిగిలిన బల్ల సరిగ్గా ఒక్కరికి సరిపోతుంది. కూర్చున్నాడు. కింద సొరుగు అలాగే ఉంది. లాగితే వెన్నలా జారింది. లోపల కొంచెం రంపప్పొట్టు తప్ప ఏమీ లేదు.

తమ్ముడు వంటింట్లోంచి పిలిచాడు. "బావా, అన్నం పెట్టాను, దిగొచ్చి తిను."

మేస్త్రి సొరుగు మూసి మళ్ళీ లాగాడు.

తమ్ముడు మెట్ల దగ్గరికొచ్చి తలెత్తి చూశాడు. "మిగిలిందాన్ని కూడా నేను తీసేస్తాలే బావా. నువ్వు దిగు."

"దిగలేనురా," అన్నాడు మేస్త్రి.