ఖాళీగా లేని ఉయ్యాల

అరవై అయిదులో బర్మా నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలను రాజపాళయం శివారు పత్తి గోదాముల్లో ఉంచారు. వాళ్ళ పిల్లలు ఆడుకోవడం లేదని మొదట కనిపెట్టింది కుప్పమ్మాళ్. గోడకు ఆనుకుని ముసలివాళ్ళలా కూర్చునేవారు. ఆవిడకు ఒళ్ళు మండింది. పిల్లలు అల్లరి చేస్తే కసిరే మనిషే, చెయ్యకపోతే మాత్రం ఓర్చుకోలేకపోయింది. గోదాము పక్కనున్న తన కళ్ళంలో తాటి మొద్దులు పాతించి ఉయ్యాల కట్టించింది, కింద ఇసుక పోయించింది. ఊరి పిల్లలు ఉయ్యాల కోసం వచ్చారు, బర్మా పిల్లలతో పోట్లాడారు, ఆ పోట్లాటలోనే కలిసిపోయారు.

ఒక్క కర్పగం మాత్రం కలవలేదు. ఎనిమిదేళ్ళ బర్మా పిల్ల. అందరూ అన్నాలకు వెళ్ళాక వచ్చి, ఖాళీ ఉయ్యాలను ఊపుతూ నిలబడేది.

ఖాళీ ఉయ్యాల ఊపితే ఎవరింట్లోనో పసిబిడ్డ పోతుందని ఊళ్ళో ప్రతి తల్లికీ భయం. పిల్లల్ని కళ్ళానికి పంపడం మానేశారు. కుప్పమ్మాళ్ మరిది బొమ్మయ్య వచ్చి, ఆ పిల్ల మానకపోతే రేపు పొద్దున్నే మొద్దులు పీకేస్తామని చెప్పి పోయాడు. కుప్పమ్మాళ్‌కు దిగులు పట్టుకుంది. పిల్లలు మళ్ళీ ఆ గోడ పక్కకే పోతారు. ఇంట్లో కోడలు నెలలు నిండి ఉంది, ఆ భయమూ లేకపోలేదు.

మధ్యాహ్నం తనే కళ్ళానికి వెళ్ళింది. ఎక్కడా ఆకు కదలడం లేదు. కర్పగం వేలి కొసలతో తోస్తోంది. ఉయ్యాల మాత్రం ఆ పిల్ల తల దాటి పైకి పోతోంది. ఆపుదామని కుప్పమ్మాళ్ మోకు పట్టుకుంది. బరువుగా ఉంది. మనిషి కూర్చున్న బరువు, చిన్న మనిషిది. అయినా చెయ్యి వదల్లేదు.

"ఎవరు పాపా?" అని అడిగింది.

"మా తమ్ముడు. మేమెక్కి వచ్చిన కప్పల్‌లో నీళ్ళకు పోతా చంకలోనుంచి దించినాను అవ్వా. తిరిగొచ్చేలోపల చచ్చిపోయినాడు. ఇంక దించను."

కుప్పమ్మాళ్ కళ్ళొత్తుకుని మోకు మెల్లగా వదిలింది. తిన్నగా బొమ్మయ్య ఇంటికి పోయి, అక్కడ చేరిన ఆడవాళ్ళ ముందు నిలబడింది.

"ఉయ్యాల ఖాళీగా లేదు. నేను పట్టి చూసినాను."

ఎవరూ నవ్వలేదు. ఖాళీ కాని ఉయ్యాలతో వాళ్ళకు పేచీ లేదు మరి. దెయ్యం కాదా అని ఎవరో గొణిగితే, పిల్లవాడు పిల్లవాడే, ఆడుకోవడానికి వచ్చాడని కుప్పమ్మాళ్ కసిరింది. బొమ్మయ్య గడ్డపార మూల పెట్టేశాడు.

మర్నాడు పిల్లలు వచ్చి వరసలో నిలబడ్డారు. కర్పగం ఊపుతూనే ఉంది. ముందున్న కాళిముత్తు ఓపిక పట్టి పట్టి చివరికి నోరు విప్పాడు.

"వాడు శానాసేపు ఊగినాడు. దిగమను, నా వంతు."

గట్టున ఉన్న తల్లులు బిగుసుకుపోయారు. కర్పగం ఉయ్యాల ఆపింది. వంగి, రెండు చేతులా ఎత్తి చంకన వేసుకుంది. ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వరస చివరికి పోయింది. అక్కడ కాసేపు తటపటాయించి, మెల్లగా కిందికి దించింది. వెనక వచ్చిన పిల్ల ఒక అడుగు జరిగి, వాడికి చోటిచ్చి నిలబడింది.