గోడకున్న సిగ్గు

పొద్దున్న తొమ్మిదయ్యేసరికి సందు చివరి గోడ దగ్గర జనం పోగయ్యేవాళ్లు. పాలల్లో చుక్క నీళ్లు కలపలేదనే పాలాయన, అరువు తెచ్చుకున్న గొడుగు ఎప్పుడో ఇచ్చేశాననే మహాతల్లి, నిన్న తిన్నగా ఇంటికే వచ్చానని ఒట్టేసే మొగుడు. అందరూ గోడ ముందు నిలబడి ఆ ముక్క చెప్పిపోవాల్సిందే. అబద్ధమైతే గోడ సిగ్గుతో ఎర్రబడేది. చిన్న అబద్ధానికి లేత గులాబీ. పెద్దదానికైతే ఏడు వీధుల అవతల ఆరేసిన తెల్లచీరలు కూడా కుంకుమ రంగు తిరిగేవి. రెండొందల ఏళ్లుగా ఆ సందులో పోలీసు అడుగు పెట్టలేదు. పెళ్లికొడుకులూ పెట్టలేదనుకోండి.

కొలతలాయన ఆ సందులోనే పుట్టాడు. పురపాలక ఆఫీసులో కట్టడాలు కొలిచే ఉద్యోగం వచ్చాక, మీదెక్కడని ఎవరడిగినా "ఇక్కడే, అటు పక్క" అని చెయ్యి గాల్లో ఊపేవాడు. ఇప్పుడా గోడ తీసేసి కార్లు నిలుపుకోడానికి ఐదంతస్తులు కడతారట. గోడ వాలిందని ఆయన ఒక్క ముక్క చెబితే చాలు, పెద్ద ఇంజినీరు పక్కన కుర్చీ.

దారానికి గుండు కట్టి వేలాడదీశాడు. గోడ వెంట్రుకవాసి కూడా వాలలేదు. కూల్చేముందు పై అధికారి చేసే విచారణేమో ఆ గోడ దగ్గరే జరగాలి. మూడు రోజులు బుర్ర గోక్కుని, నాలుగోరోజు గోడకి నిలువెల్లా ఎర్రరంగు వేయించాడు.

గోడ పక్కనే మిషను కుట్టుకునే పిన్ని తలెత్తి చూసింది.

"ఏరా, గోడకి పెళ్లా?"

"అందంగా ఉంటుందని, పిన్నీ."

మర్నాడు పై అధికారి వచ్చింది. "కొలిచారా?"

"కొలిచానండీ. జానెడు వాలింది. నేడో రేపో కూలుతుంది."

అందరూ గోడకేసి చూశారు. ఎరుపు మీద ఎరుపు, ఎవరికి తెలుస్తుంది? తెలిసినా సందువాళ్లు నోరు మెదపలేదు. పాలాయనకి గోడ మీద మూడు తరాల కసి. మిగతావాళ్లకి ఆ గోడ గుర్తు చెప్పి ఇంటికి దారి చెప్పాలంటేనే నామోషీ.

"అమ్మగారూ, గోడ సంగతి వదిలేయండి. మావాడి మొహం చూడండి" అంది పిన్ని.

చెవుల దగ్గర మొదలై, మెడ దిగి, గోళ్లదాకా పాకింది ఎరుపు. ఆయన తల దించుకున్నాడు.

"ఎండ ఎక్కువగా ఉంది" అని అధికారి సంతకం పెట్టేసింది.

గోడ కూల్చినప్పుడు ఇటుకలు లోపల పాలిపోయి తెల్లగా ఉన్నాయి. సిగ్గంతా ఎటో పోయింది.

ఐదంతస్తులూ లేచాక కుర్చీ వచ్చింది. "సిమెంటు దండిగా వేశామండీ" అన్నాడు కాంట్రాక్టరు. కొలతలాయన చెంపలు భగ్గుమన్నాయి. "నేను దగ్గరుండి చూశాను" అన్నాడు పెద్ద ఇంజినీరు. గది గదంతా ఎర్రటి వెలుగు. వారం తిరక్కుండా ఆ కుర్చీ వరండాలోకి, అక్కణ్నుంచి కార్లు నిలిపే కొత్త కట్టడం గేటు దగ్గరికి చేరింది.

అక్కడ స్తంభం పక్కన పిన్ని మిషను. తొమ్మిదయింది. చంకలో క్యానుతో పాలాయన వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కడ నిలబడను, పిన్నీ?" నేలకేసి చూస్తూ అడిగాడు కొలతలాయన.

"పాత చోటేరా. నిటారుగా నిలబడు. కాస్త వాలావంటే ఎవడో వచ్చి జానెడని రాసుకుపోతాడు."