బొల్లి మెడగంట

జయరాముడు నీళ్ళతొట్టి బోర్లించి కొబ్బరిపీచుతో రుద్దుతుంటే, బొల్లి వచ్చి ముట్టెతో అతని వీపు పొడిచింది. నిన్నటి నుంచి ఆ గొర్రెకు మేతా లేదు, నీళ్ళూ లేవు. మత్తుమందు ఇచ్చేముందు కడుపు ఖాళీగా ఉండాలని డాక్టర్ సుష్మ గట్టిగా చెప్పింది.

చిలమత్తూరు దాటాక రోడ్డు పక్కనే ఆ పరిశోధనశాల. కరువుకు మంద మొత్తం అమ్ముకున్న జయరాముడికి అక్కడ గొర్రెలదొడ్డి చూసే పని దొరికింది. అరికాళ్ళు బీటలువారిన మనిషి, మాట తక్కువ. అమాయకుడనుకునేరు, ఉత్త మొండిఘటం. కంటికి ఆనని మరలు నెత్తుట్లో ఈదుకుంటూ పోయి మెదడులో గడ్డను కరిగిస్తాయనీ, బయటి నుంచి అయస్కాంతం వాటికి దారి చూపుతుందనీ సుష్మ ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతాడే గానీ నమ్మడు. ఆ అయస్కాంతం ఉన్న గదిలోకి పోయిన గొర్రె ఒక్కటీ దొడ్డికి తిరిగి రాలేదు. అతనికి తెలిసింది అదే.

"ఇది తిరిగొస్తాదన్నా," అంది సుష్మ నిన్న. కదిరి పిల్ల, ఇంటి మాటే మాట్లాడుతుంది. "దీన్ని కోసి చూసే పని లేదు. సాయంత్రానికి నీకే అప్పజెప్తా."

మనసు మంచిది, నన్ను ఓదారుస్తోంది అనుకున్నాడు.

అయస్కాంతం గదిలోకి ఇనుము పోకూడదు కాబట్టి మెడగంట తీయాలి. మంద ఉన్న రోజుల్లో, మళ్ళీ వచ్చే జీవానికైతే గంటతాడు ముడి విప్పేవాడు, కోతకు పోయేదానికైతే తాడే కోసేసేవాడు. నాయన నేర్పిన పద్ధతి అది. బొల్లి తాడు కోసేశాడు. గంటను దొడ్డిగోడ మీద పెట్టాడు.

"సచ్చేదానికి పస్తేందప్పా," అని గొణిగి, అటూ ఇటూ చూసి, కాయలు దులిపిన ఎండు వేరుశనగ కట్టె ఒడినిండా తెచ్చి పెట్టాడు. కోతకు పోయే జీవాన్ని కడుపు నింపి పంపడం వాళ్ళ ఇంటి ఆచారం. బొల్లి ఆబగా మేసి, తొట్టెడు నీళ్ళు తాగింది.

"ఏమీ పెట్టలేదు కదన్నా?" అని, అతను బొల్లిని తోలుకొచ్చేసరికి అయస్కాంతం గది గుమ్మంలోనే అడిగింది సుష్మ.

"లేదమ్మా."

పొద్దంతా దొడ్డి ఊడ్చాడు, ఊడ్చిందే ఊడ్చాడు. సద్దిమూట విప్పి, తినకుండానే మళ్ళీ కట్టేశాడు.

ఎండ దిగాక సుష్మ వచ్చింది. చేతి తొడుగులు కూడా తీయలేదు.

"గడ్డ కరిగిపోయిందన్నా. కండ్లు తెరిచింది, తల ఎత్తింది. అంతలో కడుపులోని మేత గొంతులోకొచ్చి ఊపిరికి అడ్డం పడింది. ఎంత చేసినా దక్కలే." ఆమె తొడుగుకు అంటిన మేతపోచ చూపింది. "ఆ మేత యాడిదన్నా?"

జయరాముడు చేతిలోని చీపురు కింద పెట్టాడు.

"నేనే పెట్టినా తల్లీ. పోయేదాన్ని పస్తు పంపకూడదని..."

"వస్తాదని చెప్తి కదన్నా!"

తిడుతుందనుకున్నాడు. ఆమె అటు తిరిగి ఏడ్చింది.

ఆమె వెళ్ళాక, గోడ మీది గంట తీసి తాడు రెండు కొసలూ దగ్గరికి లాగాడు. కోసిన కొసలు పీచుపీచై ముడి నిలవలేదు. గంటను ఉన్నచోటే పెట్టి, చెప్పులు వేసుకుని ఇంటిదారి పట్టాడు.

దొడ్డిగోడ మీద ఆ ఇనుపగంట, తెగిన తాడులో బొల్లి మెడ బొచ్చు రెండు పోగులు.