మూడు కేకలు

ఇంకా నా ఒళ్లు మండుతూనే ఉంది. మండదా మరి? మా ఆయన ఎడ్వర్డ్ గోదావరిఖనిలో బొగ్గు పేల్చే షాట్‌ఫైరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. స్విచ్ నొక్కేముందు 'ఫైర్' అని మూడుసార్లు కేక వెయ్యాలి, అటునుంచి బదులు రావాలి, అప్పుడే నొక్కాలి. ఈ ముచ్చట చెప్పి చెప్పి నా చెవులు చిల్లులు పడేలా చేశాడు. అలాంటి మనిషి నిన్న ఇంట్లో ఒక్క కేకైనా వెయ్యకుండా మా అమ్మ గొంతును పేల్చేశాడు.

మా అమ్మ సుగుణమణి చర్చిలో పాటలు పాడేది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట కూడా పోయింది. అంతకుముందు నేను ఫోన్లో రికార్డు చేసిన పాటలే మిగిలాయి. ఫోన్లో చోటు లేదని వాటిని ల్యాప్‌టాప్‌లోకి మార్చింది ఈయనే. రోజూ సాయంత్రం అమ్మ వాటిని పెట్టించుకొని, తన పాటకు తానే పెదవులు కదుపుతుంది.

మొన్న బసంత్‌నగర్ బస్సులో ఎవరి ల్యాప్‌టాపో దొంగలు ఎత్తుకుపోయారట. ఈయనకు ఫికర్ పట్టుకుంది. ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించి, దొంగ తెరవలేకుండా డిస్కుకు తాళం వేస్తానన్నాడు.

"అమ్మ పాటలు?" అన్నాను.

"ఏ భాగంల ఎక్కియ్యాల్నో నేనే చూసి పెడ్త సుజితా. పాటలున్న భాగం ముట్ట. ఖాళీ దాంట్ల ఎక్కిస్త."

తెర మీద డిస్కు భాగాలు వరుసగా కనిపించాయి. అన్నిటికంటే పై వరుస భాగం కాదు, డిస్కు మొత్తానిది. మహానుభావుడు దాన్ని కూడా కలిపి, బొగ్గుబావిలో పొరల్ని లెక్కపెట్టినట్టు పైనుంచి లెక్కపెట్టాడు. ఖాళీది రెండో భాగం. ఈయన లెక్కలో మూడోదైంది. మూడు కొట్టాడు. మూడులో అమ్మ ఉంది.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి తాళం పడింది, దాని మీద కొత్త సిస్టమూ ఎక్కింది.

"గా ల్యాప్‌టాప్ నిన్ను అడగలేదా?"

"అడిగింది. ఉన్నదంతా పోతది, సరేనంటే పెద్ద అక్షరాలల్ల యస్ అని కొట్టుమన్నది. కొట్టిన."

"నన్నెందుకు పిలువలే? వంటింట్లనే ఉన్న గద!"

"గిది బావి గాదు గద అనుకున్న."

బావి కాదట! బావిలో తప్పు జరిగితే అడిగే ఆఫీసర్లుంటారు. ఇంట్లో ఎవరుంటారు, నేనే కదా. నన్ను పిలవడానికి నోరు రాలేదు. కంప్యూటర్ షాపు రఘుపతి దగ్గరికి పరుగెత్తాం. అతను చాలాసేపు వెతికి, "ఏం మిగల్లేదక్కా," అన్నాడు.

సాయంత్రమైంది. అమ్మ వచ్చి కుర్చీలో కూర్చొని ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించింది.

"ఇప్పుడెయ్యి కేక," అన్నాను ఈయనతో. "మూడుసార్లు. అమ్మకు ఇనవడాలె."

"అత్తమ్మా..." అన్నాడు. ల్యాప్‌టాప్ మూత తెరిచాడు.

పాట మొదలైందనుకుందేమో, అమ్మ చెవి ఒగ్గి చూసింది. తర్వాత సౌండ్ పెంచమని చేత్తో సైగ చేసింది.