చప్పుడు చేయని కెమెరా

ప్రార్థన మందిరంలో నా పాత కెమెరా టక్కుమన్నప్పుడల్లా తలలన్నీ నావైపు తిరిగేవి. "ఈసారి చప్పుడైతే వేరేవాణ్ణి పిలుచుకుంటాం" అన్నారు అక్కడి పెద్దాయన. మా ఇంటికి ఆధారం అక్కడి ఫొటోల పనే.

చేతిలో ఉన్న డబ్బుకు ఒక్కటే వస్తుంది. మందిరంలోని మసక వెలుతురుకు పనికొచ్చే కొత్త లెన్సయినా కొనాలి, చప్పుడు చేయని సెకండ్‌హ్యాండ్ కెమెరా అయినా కొనాలి. కొట్లో ఆ కెమెరా అందుకుని, మా ఆవిడ వైపు తిప్పి నొక్కాను. ఏమీ వినపడలేదు. ఆవిణ్ణే అడిగాను.

"ఫొటో పడిందంటావా?"

"తెరమీద నా ముఖం కనిపిస్తోందిగా!"

"రేపు అక్కడ ప్రతిసారీ తెర చూసుకుంటూ కూర్చోలేను కదే. చప్పుడు లేకపోతే నమ్మేదెలా?"

"రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని దణ్ణం పెడతారు. విన్నానని అటునుంచి ఎప్పుడైనా టక్కుమందా?"

కొట్టతను పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సందేహం నాకూ ఉన్నదే.

"మరి లెన్సో?"

"పాతదే దీనికీ సరిపోతుందన్నారుగా. కిటికీ వైపు నుంచి తీయండి."

కెమెరానే కొన్నాం. మర్నాడు మందిరంలో మొదటిసారి నొక్కాను. ఒక్క తల కూడా తిరగలేదు. తెర చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడకుండానే మళ్లీ నొక్కాను.