ఏటి అడవిలో నా దగ్గు

నా దగ్గును ఎక్కడ విన్నా గుర్తుపడతాను. పొడిగా రెండు, కాస్త ఆగి తడిగా ఇంకొకటి. ఎండాకాలం ముందు గడ్డి తగలబెట్టే పొగను ఏళ్ళ తరబడి మింగి నేను సంపాదించుకున్న ఆస్తి అదొక్కటే. మా అక్క నన్ను దగ్గులరాణి అంటుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ, ఆ పేరుకి మాత్రం ఎప్పుడూ కోపం రాలేదు.

నా పని అడవి చప్పుళ్ళు రికార్డు చేయడం. మా చుట్టూ కనుచూపు మేర మనిషెత్తు గడ్డి, పుట్టలు, మంటకు ఓర్చుకునే దళసరి బెరడు చెట్లు. వాటి మధ్య ఒక ఏరు, ఏటికి రెండు గట్ల మీదా వీధంత వెడల్పున దట్టమైన అడవి. గడ్డిలో ఎండకి మాడి ఆ నీడలోకి అడుగు పెడితే చెమట ఆరకముందే చలేస్తుంది. లోపల నాచు, కప్పలు, సీతాకోకచిలుకలు, నీటికుక్కలు. గడ్డిలో మేసే జింకలు కూడా సాయంత్రమయ్యేసరికి నీళ్ళకోసం అక్కడికే చేరతాయి. ఆ సన్నటి పచ్చదనం లేకపోతే అడవిలో వాటికీ గడ్డిలో వాటికీ దిక్కులేదు.

ఆ ఏటి మీదకు వంగిన ముసలి చెట్టు తొర్రలో చేపలు పట్టే గుడ్లగూబల జంట ఉండేది. నాకు తెలిసి ఆ ఏటి పొడవునా మిగిలిన జంట అదొక్కటే. చాలాకాలానికి ఆ ఏడాది గుడ్డు పెట్టింది. ఈసారి పిల్ల బయటికి రావాలి. నా ప్రాణాలన్నీ ఆ గుడ్డు మీదే పెట్టుకున్నాను.

నేను గట్టున ఎప్పుడూ ఒకేచోట కూర్చునేదాన్ని. మొదట్లో దగ్గితే రెండూ ఎగిరిపోయేవి. పోనుపోను ఆడపక్షి ఒక కన్ను తెరిచి, ‘ఓ, నువ్వా’ అన్నట్టు చూసి మళ్ళీ మూసుకునేది. అంతకుమించిన సన్మానం నాకు జన్మలో జరగలేదు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. గుడ్డు మీదున్న పక్షికి దాని జాతి కూత రికార్డు వేసి వినిపించకూడదు. ఇంకెవరో తన చోటు లాక్కోవడానికి వచ్చారనుకుని గుడ్డు వదిలేసి పోట్లాటకు పోతుంది. ఈ సంగతి అక్కకి తెలుసు. అన్నం తింటూ నేనే చెప్పాను.

అక్క అడవి అంచున లాడ్జి నడుపుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. వెనక గదిలో నేనుంటాను. మోకాళ్ళ నొప్పులతో అడవిలోకి రాలేకపోతోందని జాలిపడి, ఒకరోజు వంటింట్లో ఆ గుడ్లగూబ కూత వినిపించాను. ముందు నా దగ్గు, వెంటనే మగపక్షి బొంగురు గొంతు. ఆ దగ్గు కత్తిరించడానికి నాకు మనసొప్పలేదు. అక్క కళ్ళు తుడుచుకుంది.

“నా ఫోన్లో పెట్టవే. నిద్రపట్టనప్పుడు వింటాను.”

“ఎవరికీ వినిపించకు మరి.”

“నీ మీద ఒట్టు,” అని నా నెత్తిన చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అక్కే అంది, “గడ్డిపిట్టల గొంతులు రికార్డు చెయ్యాలన్నావుగా, పోయి రావే. నీ గుడ్లగూబకేం కాదులే, నేను లేనూ?” దారికి తిండి కూడా కట్టిచ్చింది. వెర్రిమొహాన్ని, మురిసిపోతూ వెళ్ళాను.

ఆ దూరపు గడ్డిబీళ్ళలో గాలి ఎక్కువై మైకులు పనికిరాక, అనుకున్నదానికన్నా ముందే తిరిగొచ్చాను. ఇంటికి కూడా పోకుండా నేరుగా ఏటి దగ్గరికి వెళ్ళాను. పొద్దు వాలుతోంది. చెట్ల వెనకనుంచి దగ్గు వినిపించింది. పొడిగా రెండు, ఆగి తడిగా ఒకటి. వెంటనే గుడ్లగూబ కూత.

నేను దగ్గలేదు.

కొమ్మకు స్పీకరు వేలాడుతోంది. ఆకుపచ్చ గుడ్డ వెనక లాడ్జి అతిథులు చేతులంత పొడుగు కెమెరాలతో కూర్చున్నారు. పక్కన మా లాడ్జి జీపు డ్రైవరు.

“మీ అక్కగారే పంపారండీ,” అన్నాడతను నా మొహం చూసి బెదిరిపోతూ. “మీరెళ్ళిన దగ్గర్నుంచీ రోజూ వేస్తున్నాం. మీకు తెలుసనుకున్నాను.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. స్పీకరు పీకి ఇంటికి తీసుకెళ్ళి అక్క ముందు పడేశాను. ఆవిడ దిండు గలీబులు మడతపెడుతోంది.

“అబ్బబ్బ, గుడ్లగూబే కదే! లోకంలో ఎవరైనా దాన్ని చూస్తే తలుపులేసుకుంటారు. నువ్వొక్కదానివే దానికోసం ఏడ్చేది.”

“నా మీద ఒట్టేశావు.”

“వేశాను. నీకేమైంది? గుండ్రాయిలా ఉన్నావుగా!” నవ్వబోయి నా మొహం చూసి మానేసింది. “వచ్చినవాళ్ళు పిట్ట కనపడలేదని సగంలోనే పోతున్నారే. గదులన్నీ బోసిపోతుంటే నన్నేం చెయ్యమంటావు? అది నీకంత ముఖ్యమని నాకేం తెలుసు?”

“తెలుసు కాబట్టే నన్ను పంపించేశావు.”

అక్క మడతపెట్టిన గలీబునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. బయటివాళ్ళు చేస్తే తిట్టి ఊరుకునేదాన్ని. పెంచిన చేత్తోనే తడిగుడ్డతో గొంతు కోసింది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక మళ్ళీ ఏటికి వెళ్ళాను. ఆడపక్షి తొర్రలోనే ఉంది! గుడ్డును పూర్తిగా వదిలెయ్యలేదు తల్లి. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఊపిరి బిగబట్టి నా చోట్లో కూర్చున్నాను.

ఎక్కడో గడ్డి తగలబెట్టినట్టున్నారు, గాలి ఇటు తిరిగింది. గొంతులో గరగర మొదలైంది. చున్నీ నోట్లో కుక్కుకున్నాను. మింగాను, మింగాను. ఆగలేదు. పొడిగా రెండు, ఆగి తడిగా ఒకటి.

ఆడపక్షి కన్ను తెరవలేదు, రెక్కలే తెరిచింది. తొర్రలోంచి దూకి, మగదానితో కలిసి స్పీకరు వేలాడిన చెట్టువైపు శత్రువును వెతుక్కుంటూ పోయింది. ఈ దగ్గు వెనకాలే శత్రువు వస్తాడని దానికి రోజూ నేర్పించారు కదా.

నేనుంటే రాదని, తొర్ర కనపడేటట్టు దూరంగా గడ్డిలోకి పోయి దాక్కున్నాను. రాలేదు. ఇంకా వెలుతురుండగానే ఒక కోతి తొర్రలో చెయ్యి పెట్టింది. అరుచుకుంటూ, రాళ్ళు విసురుతూ పరుగెత్తాను. నేను చేరేసరికి పెంకు నీళ్ళలో కొట్టుకుపోతోంది.

ఇంటి మెట్లెక్కుతుంటే మళ్ళీ దగ్గొచ్చింది. లోపలినుంచి అక్క గొంతు, ఎప్పటిలాగే.

“వచ్చావా దగ్గులరాణీ? రావే, నీకు వేణ్ణీళ్ళు కాచి ఉంచాను.”

నేను గడప దాటలేదు.